మూడో గడి

మా వంటింటి క్యాలెండరు వెనక
పెన్సిలుతో నిలువుగా ఒక గీత.
ఎడమన ఆల్గోట్, కుడిన ఎవెర్ట్.
ఇద్దరూ నా అన్నలే.
ఒకటే ముక్కు, ఒకటే మొండితనం,
కార్లే వేరు.

ఆల్గోట్‌ది సాబ్ తొంభై ఆరు, అరవై మూడులో కొన్నది.
ఎనిమిది వందల నలభై ఒక్క సీసీ, మూడు సిలిండర్లు.
"ఇంజన్లో కదిలేవి ఏడంటే ఏడే,
చెడిపోడానికి ఎనిమిదోది ఏదీ?" అంటాడు
కాఫీలో జున్నుముక్క నానేలోపు
వేళ్ళు మడిచి లెక్క చెప్పి.
ముప్పై ఎనిమిది గుర్రాలు,
అన్నిటినీ ముందు చక్రాలకే కట్టారు.
తాళం తిప్పితే పేలాలు వేగుతున్న చప్పుడు,
వెనక నీలంగా పొగ,
ఆరేసిన దుప్పట్లకి వారం పాటు నూనె వాసన.

ఎవెర్ట్‌ది వోల్వో అమెజాన్.
"నీ సీసీకి మూడంకెలు, నాదానికి నాలుగు.
పదిహేడు వందల డెబ్భై ఎనిమిది.
రాసుకో చెల్లీ."
రాసుకున్నాను.
డెబ్భై అయిదు గుర్రాలు, వెనక చక్రాలకి.
భుజం మీంచి నడుముకి ఏటవాలుగా దిగే బెల్టు.
రంపపు మిల్లు దగ్గరి తిన్నని రోడ్డు మీద
సాబ్ వందకి చేరేలోపు
ఎవెర్ట్ పక్కన నిలబడి
ఒక సిగరెట్టు చుట్టి, ముట్టించి,
సగం కాల్చాడు.

కానీ సున్నాకి ముప్పై రెండు కింద ఉన్న పొద్దున
పేలాలు వేగింది సాబ్‌లోనే.
అమెజాన్ బానెట్ మీద అమ్మ శాలువా కప్పి
ఎవెర్ట్ దాన్ని బతిమాలుతున్నాడు.
అదీ రాశాను.
కొట్టేయమన్నాడు. కొట్టేయలేదు.

ఇలా మూడేళ్ళు.
ఒక ఫిబ్రవరి రాత్రి నాకు విసుగొచ్చి
రెండు తాళాలూ బల్ల మీద అటుదిటు చేశాను.
"ఒక్క వారం. తర్వాత మాట్లాడండి."

వారం అక్కర్లేకపోయింది.
రెండో రోజే, చీకటి పడ్డాక,
పది నిమిషాల తేడాలో ఫోను రెండుసార్లు.

సాబ్ దిగుడులో కాలు తీస్తే
ఇంజను చేయి వదిలేస్తుంది, పట్టి ఆపదు.
దాన్ని ఆపే పిడి కింద ఎక్కడో ఉంటుంది.
ఆ సంగతి ఆల్గోట్ చెప్పలేదు.
చర్చి వాలులో ఎవెర్ట్ నేరుగా
మంచుగట్టు లోపలికి, హెడ్‌లైట్ల దాకా.

సాబ్‌కి పెట్రోల్లో నూనె కలపాలి.
వోల్వోకి అక్కర్లేదు.
ఆ సంగతి ఎవెర్ట్ చెప్పలేదు.
చేతి అలవాటు కదా, ఆల్గోట్ డబ్బా మొత్తం ఒంపేశాడు.
మిల్లు గేటు ముందు అమెజాన్
జన్మలో మొదటిసారి నీలంగా దగ్గి
ఆగిపోయింది.

నాకు లైసెన్సు లేదు, ఎవరూ నేర్పలేదు.
నా దగ్గర ఉన్నది స్పార్క్,
ముందు చిన్న పీట, కింద రెండు ఇనప బద్దలు,
ఒక కాలు బద్ద మీద, ఒక కాలు నేలని తన్నుతూ.
ఒడిలో ఉండాల్సిన ఫ్లాస్కు పీట మీద పెట్టి
మొదట మిల్లుకి, ఆల్గోట్‌ని వెంటపెట్టుకుని చర్చికి.

ఎవెర్ట్ మోకాలు వాచింది. పీట మీద వాడే.
తోసేది ఆల్గోట్.
కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు.
తర్వాత పీట మీంచి ఒక గొంతు:
"చూశావా, వెనకనించి తొయ్యడమే సరైన పద్ధతి."
ఆల్గోట్ జవాబివ్వలేదు.
నది వైపు వాలు మొదలవగానే
రెండు కాళ్ళూ బద్దల మీద పెట్టేసి
"ఇదిగో, చేయి వదిలేశాను" అన్నాడు.

చప్పుడు లేదు.
మంచు మీద ఇనుము జారే సన్నని సర్రు, అంతే.
ఇద్దరన్నలు చీకట్లోకి చిన్నదవుతూ,
ఒకడు అరుస్తూ, ఒకడు నవ్వుతూ,
ఎవరేదో దూరానికి తెలియలేదు.
వెనక నేను, ఫ్లాస్కుతో, నడిచి.

ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే,
క్యాలెండరు తిప్పి ఇంకో గీత గీశాను.
స్పార్క్.
బరువు తొమ్మిది కిలోలు. సీసీ లేదు. గుర్రాల్లేవు.
చలికి మొరాయించదు.
కదిలే భాగం ఒకటి.
దాని పేరు రాయబోయి
పెన్సిలు ముక్కు విరిగింది.